అంటుకి కింద వచ్చే చిగురు మీ బంగినపల్లి కాదు

ఏటా మామిడికాయలు దింపే రోజుల్లో మా నర్సరీకి ఒకే రకం ఫోన్లు వస్తాయి. "బంగినపల్లి అన్నారు, ఏడెనిమిదేళ్లు పెంచాం, తీరా చూస్తే చిన్న చిన్న పీచు కాయలు. మోసం చేశారు." ఆ గొంతులో కోపం కంటే బాధే ఎక్కువ ఉంటుంది. పెరట్లో ఉన్న ఒక్క జాగాలో ఒక్క చెట్టు వేసుకున్నవాళ్లకి అది చిన్న నష్టం కాదు.

టెంక మొక్కకి ప్లాస్టిక్ పట్టీ చుట్టి అంటు అని అమ్మేవాళ్లు ఉన్నారు, కాదనను. కానీ నేను స్వయంగా వెళ్లి చూసిన చెట్లలో ఎక్కువ వాటికి కారణం అది కాదు.

అపోహ: అంటు మొక్క అంటే మొక్కంతా ఆ రకమే. ఎక్కడ చిగురు వచ్చినా మంచిదే.

వాస్తవం: అంటు కట్టిన చోటికి పైన ఉన్నదే బంగినపల్లి. కింద ఉన్నది ఏదో నాటు టెంక నుంచి మొలిచిన మొక్క. దాని పని వేరు ఇవ్వడం, అంతే. కింది భాగం నుంచి పిలక వస్తే అది నాటు మామిడి. పైగా వేరుకి దగ్గరగా పుట్టింది కాబట్టి జోరుగా పెరుగుతుంది. రెండేళ్లు వదిలేస్తే పైన ఉన్న అసలు కొమ్మ చిక్కిపోయి ఎండిపోవచ్చు.

ఖమ్మం దగ్గర ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాగే పిలిచారు. చెట్టు చూడ్డానికి ఎంతో బాగుంది. మొదలు దగ్గర మట్టి కొంచెం తీస్తే, పక్కగా ఎండిన మోడు కనిపించింది. అదే ఆయన కొన్న బంగినపల్లి. నాటిన మొదటి వేసవికి మొక్క ఎండిందట, తొలకరికి కింద నుంచి ఎర్రటి చిగురు వచ్చిందట. "చచ్చిందనుకున్నది బతికింది బాబూ, కర్ర కట్టి మరీ నిలబెట్టాను" అన్నారు. అంత ప్రేమగా పెంచిన మనిషికి ఆ మోడు చూపించడం నాకు చాలా కష్టమైంది. కొనేటప్పుడు ఆయనకి ఈ ఒక్క మాట ఎవరూ చెప్పలేదు.

కాబట్టి మొదటి రెండు మూడేళ్లు పదిహేను రోజులకోసారి వంగి మొదలు చూడండి. అంటుకి కింద చిగురు కనిపిస్తే లేతగా ఉండగానే చేత్తో తుంచేయండి. పైభాగం పూర్తిగా ఎండిపోయి కింద నుంచి మాత్రమే చిగురు వస్తుంటే ఆశ పెట్టుకోవద్దు. ఆ గుంటలో కొత్త అంటు వేయండి, లేదా ఆ పిలక మీదే మళ్లీ అంటు కట్టించండి.

నాటడంలోనూ ఇదే చూడాలి. "అతుకు మట్టిలో పూడిస్తే గట్టిపడుతుంది" అని ఎవరు మొదలుపెట్టారో గానీ, ఆ మాట చాలా మొక్కల్ని తినేసింది. అతుకు, అంటే అంటు కట్టిన చోటు, నేలకి కనీసం జానెడు పైన ఉండాలి. కొత్తగా నింపిన గుంట మొదటి వానలకే కుంగుతుంది, మొక్క కూడా దానితో దిగిపోతుంది. అందుకే గుంట నిండుగా, నేల మట్టం కంటే కాస్త ఎత్తుగా నింపి నాటాలి. నల్లరేగడిలో అయితే మరీ ముఖ్యం. బత్తాయిలో అతుకు పూడితే ఏ చిగురు ఎక్కడిదో తెలియకపోవడమే కాదు, తడి మట్టి తగిలి బెరడుకి బంక తెగులు పడుతుంది. అతుకు కలిశాక ప్లాస్టిక్ పట్టీ కోసి తీసేయడం మర్చిపోవద్దు. వదిలేస్తే కాండాన్ని బిగించేస్తుంది.

మామిడికే కాదు. సపోటాని పాల చెట్టు మొక్క మీద కడతాం. కింది పిలకని వదిలితే చిన్న పసుపు పాలపండ్లు కాస్తాయి. గులాబీకి "ఏడాకులుంటే అడవిది, కోసేయ్" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. ఆకులు లెక్కపెట్టకండి. మంచి రకాల్లోనూ ఏడాకుల రెమ్మలు వస్తాయి. కొమ్మ ఎక్కడ పుట్టిందో చూడండి. కన్ను కట్టిన చోటుకి, అంటే మంచి రకం మొగ్గని అతికించిన చోటుకి, కింద పుడితేనే తీసేయాలి.

అలాగని ప్రతి పిలకనీ చూసి టెన్షన్ పడక్కర్లేదు. గాలి అంటు కట్టిన (చెట్టు మీదే కొమ్మకి వేర్లు పుట్టించి కోసిన) జామ, కొమ్మ ముక్క నాటి పెంచిన దానిమ్మ, మల్లె, వేరు నుంచి పిలకలు పెట్టే కరివేపాకు, వీటిలో వేరు నుంచి కొన దాకా ఒకటే మొక్క. కింద వచ్చినా అదే రకం. అందుకే కొనేటప్పుడు ధర కంటే ముందు మొక్క ఎలా తయారైందో అడగండి.

అపోహ: బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లే వస్తుంది.

రాదు. ఆ టెంకలో ఉన్నది పరాగ సంపర్కంతో పుట్టిన కొత్త పిండం. తల్లి లక్షణాలన్నీ రావు. నిమ్మ సంగతి వేరే. ఒక్క గింజలోంచి రెండు మూడు మొలకలు వస్తాయి, వాటిలో ఎక్కువ తల్లిలాంటివే. అందుకే నిమ్మకి గింజ మొక్కలు వేసినా నడుస్తుంది.

పెద్ద మొక్క కొంటే తొందరగా కాస్తుందా? చిన్న కవర్లో ఆరడుగులు పెరిగిన దాని వేర్లు లోపల చుట్టలు చుట్టుకుని ఉంటాయి. రెండు మూడు అడుగుల మొక్కే మేలు. బాగా కాయాలని చెట్టుకి మేకు కొట్టడం, మొదలు దగ్గర గుడ్డు పాతడం, పాలు పోయడం, దయచేసి ఆపండి.

మా కడియం వైపు నుంచి తెలంగాణ ఎర్ర చల్క నేలలకి తీసుకెళ్లేవాళ్లకి ఒక మాట. మొక్కతో వచ్చేది గోదావరి జిగట మట్టి. ఎండితే రాయిలా గట్టిపడుతుంది. మీరు పోసే నీళ్లు పక్క నుంచి జారిపోతాయి, పాదు తడిగా కనిపిస్తున్నా మొక్క వాడిపోతుంది. నాటే ముందు వేర్ల చుట్టూ ఉన్న ఆ మట్టిగడ్డని బాగా తడిపి, అంచుల్లో మట్టి మెల్లగా వదులు చేయండి.

ఇప్పటికే నాటు కాయలు కాస్తున్న చెట్టుంటే నరికేయకండి. ఆ మాస్టారికీ ఇదే చెప్పాను. కాపు దింపాక, ఒక కొమ్మ ఆహారం కోసం వదిలి, మిగతావి నాలుగైదడుగుల ఎత్తులో కోసి, కోసిన చోట బోర్డో పేస్ట్ (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయాలి. వచ్చిన చిగుళ్లలో బలమైనవి నాలుగైదు ఉంచితే, మరుసటి వానాకాలానికి పెన్సిల్ మందం అవుతాయి. జూలై నుంచి సెప్టెంబర్ లోపు, కాయ మీరే తిని చూసిన బంగినపల్లి చెట్టు నుంచి పుల్లలు తెచ్చి వాటి మీద అంటు కట్టించండి. పెద్ద వేరు ఉంటుంది కాబట్టి కొత్త మొక్క కంటే ముందే కాపుకొస్తుంది. కట్టినవి పుంజుకున్నాక వదిలిన కొమ్మనీ తీసేయండి. ఆ తర్వాత కూడా పాత కాండం మీద నాటు చిగుళ్లు పుడుతూనే ఉంటాయి, వాటిని ప్రతి వానాకాలం తుంచాల్సిందే.