ధర పెరిగితే సన్నాహం, తగ్గితే విరామం: భారత్ చమురు విధానానికి యాభై ఏళ్ల నేపథ్యం

2015 మార్చిలో ఢిల్లీలో జరిగిన ‘ఊర్జా సంగమ్’ సదస్సులో ప్రధాని నరేంద్ర మోదీ ఒక లక్ష్యాన్ని ప్రకటించారు. దేశానికి కావలసిన ముడిచమురులో 77 శాతం దిగుమతుల ద్వారానే వస్తోందనీ, స్వాతంత్ర్యం వచ్చి 75 ఏళ్లు నిండే 2022 నాటికి దాన్ని 10 శాతం మేర తగ్గించుకోవాలనీ ఆయన అన్నారు. 2022-23లో దిగుమతుల వాటా 87 శాతం దాటింది. 2024-25 నాటికి 88 శాతాన్ని కూడా మించింది. ఎంత తగ్గాలనుకున్నామో దాదాపు అంతే పెరిగిందన్నమాట.

ఈ వైఫల్యాన్ని ఒక్క ప్రభుత్వం ఖాతాలో వేసి ఊరుకోవచ్చు గానీ, 1973 నుంచి జరిగినదంతా వరుసగా చూస్తే ఇది ఏ ఒక్కరి నిర్వాకమూ కాదని అర్థమవుతుంది. చమురు ధర ఉన్నట్టుండి ఎగబాకినప్పుడు ఆ దెబ్బను కాచుకోవడం మన దేశం క్రమంగా నేర్చుకుంది. ధర ఏళ్ల తరబడి ఎక్కువగానే ఉండి ఆర్థిక వ్యవస్థను మెల్లగా కుంగదీస్తే ఏం చేయాలన్న ప్రశ్న మాత్రం, ధర పెరిగినప్పుడు చర్చకు రావడం, తగ్గగానే అటకెక్కడం ఆనవాయితీగా మారింది.

ఆ కుంగుబాటు పైకి కనిపించే తీరులో జరగదు. డీజిల్ ధర పెరిగితే లారీ కిరాయి, దాని వెంట కూరగాయల ధర, పొలంలో దమ్ము చేసే ట్రాక్టరు కిరాయి, వరికోత మిషను గంటకు అడిగే రేటు పెరుగుతాయి. గ్యాసు ఖరీదైతే యూరియా తయారీ భారం పెరిగి కేంద్ర బడ్జెట్లో ఎరువుల రాయితీ ఉబ్బుతుంది. దిగుమతులకు డాలర్లు ఎక్కువ కావలసి రావడంతో రూపాయి బలహీనపడుతుంది, ధరలను అదుపు చేయడానికి రిజర్వు బ్యాంకు వడ్డీ రేట్లు పెంచుతుంది, కొత్త కర్మాగారం పెట్టాలనుకున్నవారు ఏడాది ఆగుదామనుకుంటారు. వీటిలో ఏ ఒక్కటీ సంక్షోభం అనిపించుకోదు. అన్నీ కలిసి నాలుగైదేళ్లు సాగితే వృద్ధి రేటు దిగజారుతుంది, దానికి చమురే కారణమని వేలెత్తి చూపడం కూడా కష్టమవుతుంది.

ఇలాంటి దీర్ఘకాలిక క్షీణతకు ముందుగానే సిద్ధపడాలన్న ఆలోచన అమెరికాలో బలపడింది. షెల్ కంపెనీలో పనిచేసిన భూభౌతిక శాస్త్రవేత్త కింగ్ హబ్బర్ట్, 1970 ప్రాంతంలో అమెరికా చమురు ఉత్పత్తి గరిష్ఠానికి చేరి తరవాత తగ్గుముఖం పడుతుందని 1956లోనే లెక్కకట్టారు. 1970 తరవాత అలాగే జరిగింది. ప్రపంచం మొత్తానికి ఆ గరిష్ఠ స్థాయి ఎప్పుడు వస్తుందన్న చర్చ 2000 దశకంలో ఊపందుకున్నప్పుడు, అమెరికా ఇంధన శాఖ రాబర్ట్ హిర్ష్ బృందం చేత ఒక అధ్యయనం చేయించింది. 2005లో వెలువడిన ఆ నివేదికలో గుర్తుంచుకోవలసిన విషయం ఒకటుంది. వాహనాలు, కర్మాగారాలు, రవాణా మార్గాలు దశాబ్దాల పాటు మన్నేవి కాబట్టి, కొరత మొదలు కావడానికి ఇరవై ఏళ్ల ముందే పని ప్రారంభిస్తే తప్ప కొరత లేకుండా గట్టెక్కలేమని వారు తేల్చారు. రాతిపొరల నుంచి తీసే షేల్ చమురు పుణ్యమా అని అమెరికా 2018లో తన పాత ఉత్పత్తి రికార్డును దాటేసింది, గరిష్ఠ స్థాయి ముంచుకొచ్చిందన్న జోస్యాలు తప్పాయి. అయినా ఇరవై ఏళ్ల గడువు గురించిన లెక్క మాత్రం తప్పలేదు. చమురు భూమిలో అయిపోవడం వల్ల ఖరీదైనా, యుద్ధాల వల్ల ఖరీదైనా, కొనుక్కునే దేశానికి మారడానికి పట్టే సమయం ఒక్కటే.

మన కథ 1973 అక్టోబరులో, అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ మధ్య యుద్ధంతో మొదలైంది. బ్యారెల్ 3 డాలర్ల దగ్గర ఉన్న ముడిచమురు 1974 జనవరి నాటికి 11 డాలర్లు దాటింది. అప్పట్లో మన అవసరాల్లో దాదాపు మూడింట రెండు వంతులు దిగుమతులే. 1972-73లో సుమారు 200 కోట్ల రూపాయలున్న చమురు దిగుమతుల బిల్లు రెండేళ్లలో 1,100 కోట్లు దాటిపోయింది. పెట్రోలు ధర పెంపుకు నిరసనగా 1973 నవంబరులో అటల్ బిహారీ వాజపేయి, మరికొందరు ప్రతిపక్ష సభ్యులు ఎడ్లబండి మీద పార్లమెంటుకు వచ్చారు. ప్రభుత్వం అంతకుముందే నియమించిన ఇంధన విధాన కమిటీ 1974లో ఇచ్చిన నివేదిక, చమురు స్థానంలో వీలైనంత మేర బొగ్గును వాడాలని సూచించింది. ఎస్సో, బర్మా షెల్, కాల్టెక్స్ కంపెనీలు 1974-77 మధ్య జాతీయమయ్యాయి. విశాఖపట్నంలో 1957 నుంచి కాల్టెక్స్ నడిపిన రిఫైనరీ అలాగే ప్రభుత్వ రంగంలోకి వచ్చి, హిందుస్థాన్ పెట్రోలియంలో భాగమైంది.

అదే 1974 ఫిబ్రవరిలో సముద్రంలో బావులు తవ్వే ‘సాగర్ సమ్రాట్’ అనే రిగ్గు బొంబాయి తీరానికి దూరాన సముద్రంలో చమురు కనుగొంది. 1976లో ఉత్పత్తి మొదలైంది. బొంబాయి హై అని పేరు పడ్డ ఆ చమురు క్షేత్రం ఈ దేశానికి చేసిన మేలు అంతా ఇంతా కాదు. 1980-81లో కోటి టన్నుల పైచిలుకున్న దేశీయ ఉత్పత్తి 1984-85కల్లా సుమారు 2.9 కోట్ల టన్నులకు చేరి, మన అవసరాల్లో దాదాపు 70 శాతాన్ని తీర్చింది. అయితే పొదుపు చర్చ చల్లారడానికి కూడా ఆ బావులే కారణమయ్యాయని నా అభిప్రాయం. దొరికిన చమురు వల్ల కలిసివచ్చిన కాలాన్ని రవాణా తీరు మార్చడానికి వాడుకోకుండా, వాడకం పెంచుకోవడానికి ఖర్చుపెట్టాం. 1951లో సరకు రవాణాలో 85 శాతం పైగా రైళ్ల మీదే సాగేది, ఇప్పుడది 30 శాతం లోపే. ఆ మార్పులో పెద్ద భాగం, చమురు విలువ తెలిసివచ్చిందని అందరం అనుకున్న ఆ దశాబ్దాల్లోనే జరిగింది.

మధ్యలో 1979 ఇరాన్ విప్లవం, 1980లో ఇరాన్-ఇరాక్ యుద్ధం వచ్చాయి. అప్పట్లో మనకు చమురు అమ్మే దేశాల్లో ముఖ్యమైనవి ఆ రెండే. ఇంట్లో చూస్తే అస్సాం ఉద్యమంలో భాగంగా అక్కడి చమురు బయటికి రాకుండా అడ్డుకున్నారు. 1981లో అంతర్జాతీయ ద్రవ్యనిధి నుంచి 500 కోట్ల ఎస్‌డీఆర్‌ల (ఆ సంస్థ వాడే లెక్కల ప్రమాణం) రుణానికి ఒప్పందం కుదుర్చుకోవలసి వచ్చింది. పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం 1978లోను, సంప్రదాయేతర ఇంధన విభాగం 1982లోను ఏర్పడ్డాయి. పల్లెల్లో గోబర్ గ్యాస్ ప్లాంట్లకు రాయితీలు, వ్యవసాయ పంపుసెట్లకు ఇంధనాన్ని ఆదా చేసే ఫుట్‌వాల్వులు ఆ కాలపు పనులే. 1986లో ప్రపంచ ధర కుప్పకూలాక ఈ కార్యక్రమాలు కొనసాగాయి గానీ ప్రభుత్వాల ప్రాధాన్యాల్లో వెనక వరుసకు పోయాయి.

1990-91 సంగతి చాలామందికి గుర్తున్నదే కాబట్టి క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. ఎనభైల్లో పేరుకుపోయిన లోటు, అప్పులు అసలు వ్యాధి. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించడంతో పెరిగిన చమురు బిల్లు దాన్ని ముదరబెట్టింది. 1991 జనవరికి విదేశీ మారక నిల్వలు మూడు వారాల దిగుమతులకు సరిపోయే 120 కోట్ల డాలర్లకు పడిపోయాయి. మే నెలలో 20 టన్నులు, జులైలో దాదాపు 47 టన్నుల బంగారం విదేశాలకు తరలింది. జూన్‌లో ప్రధాని పదవి చేపట్టిన పీవీ నరసింహారావు ప్రభుత్వం జులై మొదటి వారంలోనే రూపాయి విలువ తగ్గించింది. దేశం అప్పుడు నేర్చుకున్న పాఠం నిల్వలు దండిగా ఉంచుకోవాలన్నది. అది మంచి పాఠమే, ఆ తరవాత మళ్లీ బంగారం కుదువ పెట్టే అవసరం రాలేదు. కానీ అది డాలర్లకు సంబంధించిన పాఠం, చమురు వాడకానికి సంబంధించినది కాదు.

నెమ్మదిగా కుంగదీసే ఖరీదైన చమురు ఎలా ఉంటుందో నిజంగా చూపించినది 2011-14 కాలం. మన రిఫైనరీలు కొనే ముడిచమురు సగటు ధర 2011-12లో బ్యారెల్‌కు 111.89 డాలర్లు, మరుసటి ఏడాది 107.97, ఆ పై ఏడాది 105.52. 2008 జులైలో అంతర్జాతీయ ధర 147 డాలర్లు తాకి, ఆ ఏడాది చివరికల్లా 40 డాలర్ల దిగువకు పడిపోయింది గనక అది పిడుగుపాటులా వచ్చి పోయింది. ఈ మూడేళ్లలో మాత్రం ధర పెద్దగా ఎగరలేదు, దిగనూ లేదు. పెట్రోలును 2010 జూన్‌లో నియంత్రణ నుంచి తప్పించినా డీజిల్, కిరోసిన్, వంట గ్యాసు తక్కువ ధరకే అమ్మడం వల్ల 2012-13లో చమురు కంపెనీలకు రావలసిన సొమ్ములో 1.61 లక్షల కోట్ల రూపాయల కోత పడింది. ఆ ఏడాది కరెంటు ఖాతా లోటు, అంటే విదేశాలతో జరిపే లావాదేవీల్లో వచ్చే లోటు, జీడీపీలో 4.8 శాతానికి చేరింది, 2013 ఆగస్టులో డాలరు విలువ 68 రూపాయలు దాటింది. అంతకుముందు 2005 తరవాతి సంవత్సరాల్లో రాయితీని నగదుగా ఇవ్వలేక ప్రభుత్వం కంపెనీలకు ఇచ్చిన చమురు బాండ్ల అసలు 1.3 లక్షల కోట్ల పైచిలుకు, 2026 దాకా తీర్చేలా తరవాతి ప్రభుత్వాల మీద మిగిలింది. ధర భారాన్ని నేటి వాడకందారు మీద కాకుండా రేపటి పన్ను చెల్లింపుదారు మీదికి నెట్టడమే ఆ బాండ్ల సారాంశం.

2013 జనవరి నుంచి డీజిల్‌ను నెలకు 50 పైసల చొప్పున పెంచుకుంటూ పోవడం ఆ కాలపు నిర్ణయాలన్నిటిలో తెలివైనది. వాహనదారు, రైతు, లారీ యజమాని అలవాటు పడేంత నిదానంగా పెంచి, 2014 అక్టోబరులో నియంత్రణ పూర్తిగా ఎత్తివేయగలిగారు. అయితే టోకున కొనేవారికి వెంటనే పూర్తి ధర వర్తింపజేయడంతో, రాష్ట్రాల ఆర్టీసీలు తమ డిపోల్లోని పంపులు వదిలి బయటి బంకుల దగ్గర బస్సులను వరసలో నిలబెట్టాయి. ఒక లీటరుకు ఎక్కువ మందిని మోసే వాహనానికి ఎక్కువ ధర, ఒక్కరే ఎక్కి తిరిగే డీజిల్ కారుకు తక్కువ ధర. పొదుపు విధానమంటే ఇదేనా అని అడిగినవారు తక్కువ. 2022లోనూ టోకు ధర బంకు ధర కన్నా బాగా పెరగడంతో అదే దృశ్యం మరోసారి కనిపించింది. ఆ ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలూ డీజిల్ సెస్ విధించగా, పల్లెవెలుగు ప్రయాణికులకూ మినహాయింపు దొరకలేదు.

2014 చివర్లో ధర పడిపోయింది. 2016 జనవరిలో మన ముడిచమురు సగటు 30 డాలర్ల లోపుకు వచ్చింది. సన్నాహానికి ఇంతకన్నా మంచి అదను దొరకదు. విశాఖలో భూగర్భ రాతిని తొలిచి కట్టిన 13.3 లక్షల టన్నుల వ్యూహాత్మక నిల్వ కేంద్రంలో 2015లో చమురు నింపడం మొదలైంది. మంగళూరు, పాదూరు కేంద్రాలతో కలిపితే మొత్తం 53.3 లక్షల టన్నులు, అంటే తొమ్మిదిన్నర రోజుల అవసరం. 2020లో ధర పాతాళానికి పడినప్పుడు వీటిని బ్యారెల్ సగటున 19 డాలర్లకు నింపి సుమారు 5 వేల కోట్ల రూపాయలు ఆదా చేశారు. మెచ్చుకోవలసిన పనే. కానీ ఆకస్మిక అంతరాయానికి తప్ప, ఐదేళ్ల పాటు సాగే అధిక ధరకు ఈ గుహల వల్ల ఒరిగేది లేదు.

ఆ అదనులో జరిగిన పెద్ద పని వేరే ఉంది. 2014 నవంబరు నుంచి 2016 జనవరి మధ్య కేంద్రం తొమ్మిది విడతలుగా ఎక్సైజ్ సుంకం పెంచింది. పెట్రోలు మీద లీటరుకు 9.48 రూపాయల సుంకం 21.48కి, డీజిల్ మీద 3.56 రూపాయలు 17.33కి చేరాయి. పెట్రోలియం ఉత్పత్తుల మీద ఎక్సైజ్ రాబడి 2014-15లో 99 వేల కోట్లు ఉండగా 2016-17లో 2.42 లక్షల కోట్లు దాటింది. వాడకందారుకు ధర తగ్గనివ్వకపోవడం పొదుపు దృష్టితో తప్పు కాదు, చాలామంది ఆర్థికవేత్తలు దాన్ని సమర్థిస్తారు కూడా. ఆ రాబడిలో ఎంత భాగం చమురు అవసరాన్ని తగ్గించే పనులకు వెళ్లిందన్నదే ప్రశ్న. రోడ్లకు గణనీయంగా వెళ్లింది, కాకపోతే మంచి రోడ్డు చమురు వాడకాన్ని పెంచుతుంది గానీ తగ్గించదు.

ధరతో నిమిత్తం లేకుండా సాగిన పనులు కొన్ని ఉన్నాయి. బ్రాడ్‌గేజ్ రైలు మార్గాల విద్యుదీకరణ 2025 నాటికి 98 శాతం దాటింది. యాభై ఏళ్ల జాబితాలో వెతికితే నాకు కనిపించే గట్టి విజయం ఇదే. పెట్రోలులో ఇథనాల్ వాటా 2013-14లో ఒకటిన్నర శాతం ఉండగా 2025లో 20 శాతానికి చేరింది, కాని దానికి చెరకు, మొక్కజొన్న, బియ్యం కావాలి. ఇక సొంత వనరుల మీద ఆశలు ఎలా తలకిందులవుతాయో చెప్పడానికి కృష్ణా-గోదావరి బేసిన్ చాలు. 2009లో అక్కడి సముద్రంలోని డీ6 క్షేత్రం నుంచి గ్యాసు రావడం మొదలై, ఏడాదిలోనే గరిష్ఠానికి చేరి, 2013కల్లా అందులో చిన్న భాగానికి పడిపోయింది. దాన్ని నమ్ముకుని ఆంధ్రప్రదేశ్‌లో కట్టిన విద్యుత్కేంద్రాలు పొయ్యి వెలగకుండా నిలిచిపోయాయి.

తెలుగు ప్రాంతాలకు చమురు ధర పెరగడం ఒక్క తీరున నష్టం కాదని కూడా ఇక్కడ చెప్పాలి. కడప, గోదావరి జిల్లాల నుంచి, కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి గల్ఫ్‌కు వలసలు మొదలైందే 1973 తరవాత అక్కడ పారిన చమురు డబ్బు వల్ల. 1990లో కువైట్ నుంచి విమానాల్లో తరలించిన లక్షా 70 వేల మంది భారతీయుల్లో తెలుగువారూ ఉన్నారు. ధర పడిపోయిన 2016లో సౌదీలో నిర్మాణ కంపెనీలు జీతాలివ్వలేక చేతులెత్తేసినప్పుడు ఇబ్బంది పడినదీ ఇలాంటి కూలీలే. బంకు దగ్గర తిట్టుకునే ధరే గల్ఫ్ నుంచి వచ్చే మనియార్డరుకు ఆధారమయిన కుటుంబాలు ఇక్కడ తక్కువేమీ కాదు.

ఇప్పుడు ముడి పడి ఉన్నది రాష్ట్రాల ఖజానాల దగ్గర. పెట్రోలు, డీజిల్ జీఎస్టీ పరిధిలోకి రాలేదు కనుక, రాష్ట్రాలు తమంతట తాము పెంచుకోగల కొద్దిపాటి పన్నుల్లో వ్యాట్ అనే అమ్మకపు పన్ను ఒకటి. తెలంగాణలో పెట్రోలు మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం వ్యాట్ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలు మీద 31 శాతానికి లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఒక రూపాయి రోడ్డు సెస్ కలుస్తాయి. శాతాల్లో ఉన్న పన్ను కాబట్టి చమురు ధర పెరిగిన కొద్దీ రాష్ట్రానికి రాబడి కూడా పెరుగుతుంది, వాడకం తగ్గితే పడిపోతుంది. 2024 నవంబరులో తెలంగాణ విద్యుత్ వాహనాలకు 2026 చివరి దాకా రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మినహాయించింది. ఆ విధానం ఫలిస్తే ఆ పన్నుతో పాటు బంకు దగ్గర వచ్చే వ్యాట్ కూడా తగ్గుతుంది. ఆ లోటును దేనితో పూడ్చాలన్న లెక్క ఇంకా తేలవలసే ఉంది.