పొలంలోంచి నడిస్తే రైతు ఊరుకుంటాడా? ఇంగ్లండ్ పల్లె నడకల అపోహలు - వాస్తవాలు

లీడ్స్, మాంచెస్టర్‌లలో ఉండే మనవాళ్లను ఉత్తర ఇంగ్లండ్‌లోని కొండలోయల ప్రాంతం యార్క్‌షైర్ డేల్స్‌కి నడకకు తీసుకెళ్తుంటాను. ఎక్కువగా స్వేల్‌డేల్ లోయ పైకొసన ఉన్న కెల్డ్‌కి. నాలుగు రాతి ఇళ్లు, చుట్టూ గొర్రెలు, అంతే ఆ ఊరు. బయల్దేరే ముందు అందరూ అడిగేవి ఇవే.

అపోహ: పరాయి పొలంలో కాలు పెడితే కేసే.
వాస్తవం: పబ్లిక్ ఫుట్‌పాత్ (అందరూ నడవడానికి చట్టం గుర్తించిన కాలిబాట) ఉంటే పొలం ఎవరిదైనా ఆ దారిన నడిచే హక్కు మనకుంది. దారి గుర్తుల్లో పసుపు బాణం నడిచేవాళ్లకు, నీలం బాణమైతే గుర్రాలకూ సైకిళ్లకూ కూడా. హక్కు దారి వరకే సుమా! పక్క ఊరు మ్యూకర్ దగ్గర జూన్‌లో గడ్డి మైదానాలు పూలతో నిండిపోతాయి. రాతిగోడల్లో మనిషి ఒరిగి దూరేంత సందు, దానికో చిన్న స్ప్రింగు తలుపు. లోపల ఒకరి వెనక ఒకరు నడవాలి, ఎందుకంటే ఆ గడ్డే పశువులకు చలికాలపు మేత. అందులో దుప్పటి పరిచి పులిహోర డబ్బా తెరిస్తే రైతు కేకలేస్తాడు. వెయ్యాలి కూడా.

అపోహ: ఆవులే కదా, ఏం చేస్తాయి?
వాస్తవం: నాకు అన్నిటికంటే భయం ఇక్కడే. దూడ పక్కనుంటే ఆవు మీదికొస్తుంది. ఇంగ్లండ్‌లో అలా ఆవులు తొక్కి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. తల్లికీ దూడకీ మధ్యకు వెళ్లొద్దు. మీ కుక్కను తరుముకొస్తే గొలుసు వదిలెయ్యండి, అది పరిగెత్తి తప్పించుకుంటుంది. దండం పెట్టుకోవాలనిపిస్తే గోడ ఇవతలి నుంచే.

అపోహ: ఆరు మైళ్లేగా, రెండు గంటల్లో వచ్చేస్తాం.
వాస్తవం: కొండ నడకకు ఎంతసేపు పడుతుందో అంచనా వేసే 1892 నాటి నైస్మిత్ లెక్క ఇప్పటికీ పనికొస్తుంది: గంటకు 3 మైళ్లు, ఎక్కే ప్రతి 2,000 అడుగులకు ఇంకో గంట. అదీ ఆగకుండా నడిచేవాళ్లకు. అమ్మానాన్నలు, పిల్లలు, ఫొటోలు ఉంటే దానికి రెట్టింపు వేసుకోండి. డిసెంబరులో నాలుగు కాకముందే పొద్దుగూకుతుంది, టార్చి తప్పనిసరి.

అపోహ: దారి ఫోన్ చూపిస్తుంది.
వాస్తవం: లోయలో సిగ్నల్ నమ్మలేం. ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ మ్యాపుల సంస్థ) వాళ్ల 1:25,000 మ్యాపు కాగితంది పెట్టుకోండి. ఫుట్‌పాత్‌లు ఆకుపచ్చ గీతలుగా ఉంటాయి. కొండమీద ఎవరికైనా దెబ్బ తగిలితే అత్యవసర నంబరు 999కి ఫోన్ చేసి ముందు పోలీస్ అనండి, తర్వాత కొండల్లో కాపాడే దళం మౌంటెన్ రెస్క్యూని అడగండి.

గేటు సంగతి ఎవరూ అడగరు గానీ చెప్తున్నా: మూసి ఉంటే దాటాక మళ్లీ మూసెయ్యండి, తెరిచి ఉంటే అలాగే వదిలెయ్యండి.