కల్వర్టు రాగానే బండి దిగే మనిషి

మా చిన్నాయన హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరై పదేళ్లు దాటింది. ములుగు రోడ్డు మీద నా స్కూటర్ వెనక కూర్చున్నాడంటే, కల్వర్టు కనిపించగానే ఆయన చెయ్యి నా భుజాన్ని గట్టిగా పట్టేస్తుంది. 'ఆపు బిడ్డా, నడుసుకుంట దాటుత' అంటాడు. దాటాక మళ్లీ ఎక్కుతాడు. ఎందుకని అడిగితే నడుం పట్టిందంటాడు. 1990లలో ఆయన డ్యూటీ ఏటూరునాగారం వైపు.

ఆ కల్వర్టు భయం వెనక ఉత్తర తెలంగాణ చరిత్ర ఉంది. 1978లో రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర, 1980లో నక్సలైట్ పార్టీ పీపుల్స్‌వార్ పుట్టుక, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో ఆదివాసుల మీద పోలీసు కాల్పులు. ఆ తర్వాత వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏళ్ల తరబడి ఎదురుకాల్పులు, మందుపాతరలు. మందుపాతర పెట్టడానికి కల్వర్టు అనువైన చోటు. అందుకే పోలీసులు జీపు ఎక్కడానికి జంకేవాళ్లు, మఫ్టీలో ఆర్టీసీ బస్సుల్లో తిరిగేవాళ్లు. స్టేషన్ల చుట్టూ ముళ్లకంచె, ఇసుక బస్తాలు, మేడ మీద సెంట్రీ. రాత్రి తలుపు చప్పుడైతే ఊళ్లో జనమూ అంతే వణికారు. వాళ్ల గాయం గురించి కూడా రాయాలి, అది వేరే కథనం.

శాఖ తన పద్ధతిలో స్పందించింది. 1989లో ఐపీఎస్ అధికారి కె.ఎస్. వ్యాస్ నక్సలైట్లతో పోరాడే ప్రత్యేక దళం గ్రేహౌండ్స్‌ను తయారు చేశారు. 1993 జనవరిలో హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన్నే నక్సలైట్లు కాల్చి చంపారు. అడవి శిక్షణ వచ్చింది, ఆయుధాలు వచ్చాయి. చనిపోయినవాళ్లకు స్తూపాలు కట్టారు, ఏటా అక్టోబర్ 21న నివాళి అర్పిస్తారు. బతికి తిరిగొచ్చిన మా చిన్నాయనను మాత్రం 'నిద్ర పడుతోందా' అని సర్వీసు మొత్తంలో ఎవరూ అడగలేదు.

పీపుల్స్‌వార్ పుట్టిన 1980లోనే అమెరికా మానసిక వైద్యుల సంఘం ఇలాంటి భయం మనసులో పాతుకుపోయే జబ్బును పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, పీటీఎస్‌డీ అనే పేరుతో తన జాబితాలో చేర్చింది. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధే అందుకు ప్రధాన కారణం. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో దీన్నే షెల్ షాక్ అన్నారు. జరిగింది కళ్ల ముందు మళ్లీ మళ్లీ జరుగుతున్నట్టుండటం, పీడకలలు, ఆ చోటికి పోకుండా తప్పించుకోవడం, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడటం నెల దాటినా పోకపోతే ఈ జబ్బేమో చూడాలి. మన స్టేషన్లలో దీనికి ఉన్న మాటలు వేరు: 'భయపడ్డడు', 'తాగుడుకు పడ్డడు', 'మెంటలైండు'.

వైద్యం కూడా తడబడుతూనే వచ్చింది. 1980లలో ఘటన జరిగిన కొద్ది రోజుల్లోనే అందరినీ కూర్చోబెట్టి, ఒక్క సిట్టింగ్‌లో జరిగిందంతా చెప్పించే పద్ధతి పోలీసు, ఫైర్ శాఖల్లో పాకింది. దానివల్ల పీటీఎస్‌డీ ఆగదని తర్వాతి పరిశోధనల్లో తేలింది. ఘటన జరగగానే ఒకపూట కౌన్సెలింగ్ క్యాంపు పెట్టి పని అయిపోయిందనుకోవడం నాకు అందుకే మింగుడు పడదు.

పనిచేసే వైద్యం నెమ్మదిగా సాగుతుంది. థెరపిస్టు దగ్గర భద్రంగా కూర్చుని జరిగింది మళ్లీ మళ్లీ చెప్పాలి, తప్పించుకుంటున్న చోట్లకు కొద్దికొద్దిగా వెళ్లాలి. మామూలుగా 8 నుంచి 15 సిట్టింగులు పడతాయి. 1980ల చివర్లో ఫ్రాన్సిన్ షాపిరో మొదలుపెట్టిన ఈఎండీఆర్‌లో కళ్లను అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకంతో పనిచేస్తారు. సెర్ట్రాలిన్ వంటి మందులూ కొందరికి పనిచేస్తాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే నిద్రమాత్రలు ఈ జబ్బును నయం చేయవు, పైగా అలవాటైపోతాయి.

ఇదంతా చదివాక నాకు ఒక సంగతి అర్థమై బాధేసింది. కల్వర్టును నడిచి దాటిన ప్రతిసారీ చిన్నాయనకు ఆ పూటకు ఊరట దొరుకుతుంది. ఆ ఊరటే భయాన్ని బతికిస్తుంది. అడిగినప్పుడల్లా బండి ఆపి ఇన్నేళ్లూ ఆ భయాన్ని నేనూ పెంచాను.

ఇది పాతతరం బాధే అనుకోవద్దు. 2025 మేలో ములుగు జిల్లా వాజేడు అడవుల్లో మందుపాతర పేలి ముగ్గురు పోలీసులు చనిపోయారు. అడవి లేని చోట కూడా రోడ్డు ప్రమాదాల శవాలు, ఉరి తాళ్లు, బావిలోంచి తీసిన పిల్లలు పోలీసుల చేతుల మీదుగానే పోతారు. మరునాడు అదే వీధిలో బందోబస్తు.

2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. 2022 అక్టోబర్ నుంచి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు. అయినా కానిస్టేబుల్‌కు గన్ తీసేసుకుంటారేమో, లూప్‌లైన్‌కు, అంటే ప్రాధాన్యం లేని పోస్టుకు, పంపుతారేమో అన్న భయం ఉంటుంది. దానికి తోడు సెలవు. వారానికో సిట్టింగ్ అంటే రెండు మూడు నెలల పాటు ప్రతి వారం ఒక పూట ఖాళీ దొరకాలి. 2024 అక్టోబర్‌లో బెటాలియన్ కానిస్టేబుళ్ల భార్యలు రోడ్డెక్కి అడిగింది కూడా తమ మనుషులు ఇంటిపట్టున ఉండే రోజుల గురించే.