థ్రాటిల్ వదిలితే జెట్ స్కీ తిరగదు: తొలిసారి సాయంత్రపు టూరుకు వెళ్ళేవారి అపోహలు, వాస్తవాలు

మాది ప్రకాశం జిల్లా కొత్తపట్నం. దుబాయ్ తీరంలో, నీటి మీద స్కూటరులా కూర్చుని నడిపే జెట్ స్కీల టూర్లకు గైడుగా పనిచేస్తున్నాను. సంక్రాంతి సెలవులకూ, వేసవి సెలవులకూ ముందు నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి బంధువులూ, వాళ్ళ స్నేహితులూ ఫోన్ చేసి, సూర్యాస్తమయం వేళ తీసుకువెళ్ళే టూరు గురించి అడుగుతూ ఉంటారు. ధర గురించి అడిగేవారు కొందరు, ఈత రాకపోతే ఎలా అని అడిగేవారు కొందరు. అయితే ఎవరు ఫోన్ చేసినా చివరికి ఒక మాట అంటారు: "భయమేస్తే చెయ్యి వదిలేస్తే సరిపోతుంది కదా, బండి దానంతటదే ఆగిపోతుంది కదా?" ఈ నమ్మకం వల్ల జరిగేంత నష్టం మిగిలిన అపోహలన్నీ కలిపినా జరగదు కాబట్టి ముందుగా దీని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: ప్రమాదం ఎదురైతే థ్రాటిల్ (వేగం పెంచే మీట) వదిలేసి హ్యాండిల్ పక్కకు తిప్పితే తప్పించుకోవచ్చు.

వాస్తవం: థ్రాటిల్ వదిలి హ్యాండిల్ తిప్పితే జెట్ స్కీ పక్కకు తిరగదు, ఆ క్షణానికి ఎటు పోతున్నదో అటే నేరుగా పోతుంది. దీనికి చక్రాలు లేవు, పడవకు ఉండే చుక్కానీ లేదు. అడుగున ఉన్న జాలీ గుండా నీటిని లోపలికి లాగి, గొట్టంలో తిరిగే ఇంపెల్లర్ అనే పంకా ఆ నీటిని వెనుక ఉన్న నాజిల్ (గొట్టం మూతి) నుంచి బలంగా బయటికి తోస్తుంది. మనం హ్యాండిల్ తిప్పినప్పుడు తిరిగేది ఆ నాజిల్ ఒక్కటే. నీరు ఉధృతంగా వస్తున్నంత సేపే నాజిల్ తిరిగిన దిశకు ఫలితం ఉంటుంది. కుళాయి కట్టేసిన తరువాత తోటలో పైపును ఎటు తిప్పినా మొక్కకు నీరు అందనట్టే, థ్రాటిల్ వదిలిన తరువాత హ్యాండిల్‌ను ఎంత తిప్పినా బండికి దిశ అందదు. పైగా, మనుషులతో కలిపి 400 కిలోలకు పైగా బరువున్న బండి అప్పటికే వేగంలో ఉంటుంది. బ్రేకు లేని పాత బండ్లు పూర్తి వేగం మీద ఉండగా థ్రాటిల్ వదిలితే ఆగడానికి 100 మీటర్ల దాకా పట్టవచ్చు.

మనవాళ్ళు ఈ పొరపాటు ఎందుకు చేస్తారో నాకు బాగా తెలుసు. ట్రంకు రోడ్డు మీద స్కూటరు నడిపిన చేతులకు, ఎదురుగా మనిషి కనబడగానే యాక్సిలరేటర్ వదలడం, బ్రేకు నొక్కడం, హ్యాండిల్ పక్కకు తిప్పడం ఆలోచించకుండానే అలవాటైపోయింది. రోడ్డు మీద ప్రాణం కాపాడే ఆ అలవాటే నీటి మీద ప్రాణం మీదికి తెస్తుంది. అందువల్ల బండి నడపడం అసలు రానివారికంటే ఏళ్ళ తరబడి బుల్లెట్ నడిపినవారితోనే నేను ఎక్కువ జాగ్రత్తగా ఉంటాను. జెట్ స్కీలో థ్రాటిల్ అనేది పిడిని తిప్పేది కాదు, కుడి చూపుడు వేలితో నొక్కే మీట. గాభరా పడినప్పుడు కొందరు దాన్ని వదిలేస్తే, మరికొందరు పిడిని గట్టిగా బిగించే ప్రయత్నంలో మీటను కూడా పూర్తిగా నొక్కేస్తారు. రెండూ ప్రమాదమే.

కావలి నుంచి వచ్చిన ఒక పెద్దాయన విషయం ఇక్కడ చెప్పాలి. ఫొటోల కోసం నేను బండి ఆపి చెయ్యి పైకెత్తాను. వెనుక వస్తున్న ఆయన నన్ను చూశారు, థ్రాటిల్ వదిలారు, హ్యాండిల్‌ను ఎడమకు పూర్తిగా తిప్పారు, అయినా తిన్నగా నా మీదికే వచ్చారు. నా ఇంజను నడుస్తూనే ఉంది కాబట్టి నేను పక్కకు తప్పుకోగలిగాను, ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆయన మాత్రం, "తమ్ముడూ, ఈ బండిలో ఏదో లోపం ఉంది, హ్యాండిల్ తిరిగింది గానీ బండి తిరగలేదు" అన్నారు. దాదాపు ప్రతివారూ అనే మాట ఇదే. చుట్టుపక్కల ఎవరూ లేని చోటికి తీసుకువెళ్ళి, నెమ్మదిగా పోతూ థ్రాటిల్ వదిలి హ్యాండిల్ తిప్పమన్నాను. బండి తిన్నగానే సాగింది. ఆ తరువాత అదే వేగంలో మీటను కొద్దిగా నొక్కి ఉంచి తిప్పమన్నాను, వెంటనే తిరిగింది. మిగిలిన టూరు మొత్తం ఆయన నాకు చాలినంత దూరంలోనే వచ్చారు. ఈ చిన్న సాధన చేయించకుండా మిమ్మల్ని సముద్రంలోకి తీసుకువెళ్ళబోయే గైడును మీరే అడిగి చేయించుకోండి. మొహమాటపడవలసిన పని లేదు.

కాబట్టి గుర్తుంచుకోవలసినది ఇది. ముందు వెళ్ళేవారికి చాలా దూరంలో ఉండండి. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. 50 మీటర్ల ఎడం ఉన్నా మీ చేతిలో ఉండేది నాలుగున్నర సెకన్లే. ఎదురుగా ఉన్నది దూరంలో ఉంటే ముందుగానే థ్రాటిల్ వదిలి వేగం తగ్గనివ్వండి. దగ్గరికి వచ్చేసి ఉంటే, థ్రాటిల్ కొంత నొక్కి ఉంచి ఖాళీగా ఉన్న వైపుకు తిరగండి, తప్పుకున్న తరువాతే వదలండి. వదలడం కన్నా తిరగడం ముందు జరగాలి. చదవడానికి తేలికగా ఉన్నా భయంలో చెయ్యి వినదు, అందుకే సాధన చేయమని అంత గట్టిగా చెబుతున్నాను.

"కొత్త బండ్లకు బ్రేకు ఉందట కదా" అని కొందరు అంటారు. నిజమే, 2009లో సీ-డూ బ్రాండు తన కొన్ని బండ్లకు బ్రేకు అమర్చింది, తరువాత యమహా కూడా తన పద్ధతిలో అమర్చింది. ఎడమ చేతి మీట నొక్కితే వెనుకకు పోయే నీటిధారను ఒక మూత లాంటి భాగం ముందుకు మళ్ళించి వేగాన్ని తగ్గిస్తుంది. అయితే అద్దెకు ఇచ్చే బండ్లలో బ్రేకు లేనివి ఇప్పటికీ ఎన్నో ఉన్నాయి, కనుక ఎక్కే ముందే అడిగి తెలుసుకోవాలి. బ్రేకు ఉన్నా, రోడ్డు మీద బండికి వెలిగినట్టు వెనుక ఎర్ర దీపం వెలగదు. మీరు ఆగిన సంగతి వెనుక వచ్చేవారికి తెలియదు. వెనక్కి చూడకుండా ఆగడం గానీ, మలుపు తిరగడం గానీ చేయవద్దు.

దీనికి ముడిపడినదే ఇంకొక అలవాటు. మన రోడ్డు మీద ఎదురుబొదురుగా వచ్చినప్పుడు ఎడమకు తప్పుకుంటాము. సముద్రం మీద, 1972 నాటి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం, ఇంజనుతో నడిచే రెండు పడవలు ముఖాముఖి వస్తే రెండూ తమ కుడికే తిరగాలి. ఒకరు ఎడమకూ ఒకరు కుడికీ తిరిగితే ఇద్దరూ ఒకే చోటికి చేరతారు. ఒడ్డున ఉండగానే ఈ మాటను పైకి రెండుమూడుసార్లు అనుకోమని నేను ప్రతి బృందానికీ చెబుతాను.

అపోహ: భయపడేవారు వెనుక కూర్చుంటే క్షేమం.

ఈ మాట నమ్మి వెనుక సీటు ఎంచుకునే ఆడవాళ్ళను, పెద్దవాళ్ళను చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది, ఎందుకంటే వాళ్ళు క్షేమం కోరుకుని ఎక్కువ ప్రమాదమున్న చోట కూర్చుంటున్నారు. నడిపేవారు ఒక్కసారిగా వేగం పెంచితే వెనుకకు పడేది చివర కూర్చున్న మనిషే. పడిన చోట నాజిల్ నుంచి వచ్చే నీటిధార శరీరం లోపలి భాగాలకు చాలా తీవ్రమైన గాయాలు చేయగలదు. అందుకే వెట్‌సూట్ (ఒంటికి అతుక్కుని ఉండే రబ్బరు లాంటి దుస్తులు) గానీ, దానితో సమానమైన రక్షణనిచ్చే దళసరి దుస్తులు గానీ కింది భాగానికి వేసుకోవాలని బండి మీదే హెచ్చరిక అతికించి ఉంటుంది. పలుచని ఈత దుస్తులు దీనికి చాలవు. వెనుక కూర్చునేవారు ముందున్నవారి నడుమును లేదా లైఫ్ జాకెట్ పట్టీని రెండు చేతులతో పట్టుకోవాలి; ఒక చేత్తో ఫోన్ పట్టుకుని వీడియో తీయడం మానుకోవాలి. పడిపోయి తిరిగి ఎక్కేటప్పుడు ఇంజను ఆగిందని నిర్ధారించుకున్న తరువాతే వెనుక వైపు నుంచి ఎక్కాలి. చీర కొంగు, చున్నీ, విరబోసుకున్న పొడవాటి జుట్టు అడుగున ఉన్న జాలీలోకి లాగుకుపోయే అవకాశం ఉంది కనుక, వాటిని ఒడ్డునే మార్చుకోవడమో గట్టిగా ముడివేసుకోవడమో చేయాలి.

నెల్లూరు నుంచి వచ్చిన ఒక అక్క, "నేను వెనుకే కూర్చుంటాను తమ్ముడూ, నాకు చేతులు వణుకుతున్నాయి" అంటే, బండిని ఆమెకే ఇచ్చి, ఒడ్డుకు దగ్గరగా అతి తక్కువ వేగంలో నడిపించాను. చేతులు వణకడంలో సిగ్గుపడవలసింది ఏమీ లేదు. భయపడేవారు చెప్పిన మాట వింటారు, దూరం పాటిస్తారు. వెళ్ళడం ఇష్టం లేకపోతే ఒడ్డున కూర్చుని చూడడం కూడా మంచిదే. ఆ విషయంలో ఇంట్లోవాళ్ళు ఎవరినీ బలవంతం చేయకూడదు.

ఈత రాకపోయినా వెళ్ళవచ్చా అంటే వెళ్ళవచ్చు, కానీ ఆ సంగతి గైడుకు ముందే చెప్పాలి. ఈత బాగా వచ్చినవారికి కూడా లైఫ్ జాకెట్ తప్పనిసరే, ఎందుకంటే నీటికి తల కొట్టుకుని స్పృహ తప్పినవారికి ఈత ఉపయోగపడదు. బకిల్స్ అన్నీ పెట్టిన తరువాత జాకెట్ భుజాలను ఎవరైనా పైకి లాగితే అది గడ్డం దాటి పైకి రాకూడదు. వస్తే చిన్న సైజు అడగండి. మణికట్టుకు గానీ జాకెట్‌కు గానీ తగిలించే కిల్ స్విచ్ తాడు విషయంలోనూ ఇంతే పట్టుదల ఉండాలి. మీరు పడిపోతే తాడు ఊడి ఇంజను ఆగిపోతుంది, బండి మీకు అందే దూరంలో ఉంటుంది. అది అలంకారం అనుకుని హ్యాండిల్‌కు చుట్టేసేవారిని చూస్తుంటాను, అలా చేసినవారి బండిని నేను కదలనివ్వను.

అపోహ: సూర్యాస్తమయం టూరు అంటే చీకటి పడేదాకా నీటి మీద ఉండటం.

కాదు. చాలా జెట్ స్కీలకు రాత్రి ప్రయాణానికి కావలసిన దీపాలు ఉండవు. దుబాయ్‌లో సూర్యాస్తమయం తరువాత జెట్ స్కీ నడపనివ్వరు. అమెరికాలోని ఫ్లోరిడాలో అస్తమించిన అరగంట తరువాత నడపడం చట్టవిరుద్ధం. సూర్యుడు దిగిపోతుండగా చూసి, వెలుతురు ఉండగానే ఒడ్డుకు చేరడమే ఈ టూరు. మన వైపు అస్తమయం తరువాత ఇరవై, ఇరవై ఐదు నిమిషాలలో చీకటి కమ్ముతుంది, కాబట్టి "ఇంకొక్క రౌండు" అన్న బతిమాలింపుకు గైడు లొంగకపోవడమే సరి. వెళ్ళేది గోవాకు అయితే అక్కడ నెల్లూరు కంటే దాదాపు 25 నిమిషాలు ఆలస్యంగా పొద్దు గుంకుతుందని లెక్క వేసుకోండి. వానాకాలంలో అక్కడ జలక్రీడలు ఆపేస్తారన్నది కూడా గుర్తుంచుకోండి.

ఈ వేళలో అందరూ తక్కువ అంచనా వేసేది కళ్ళలో పడే వెలుగును. దుబాయ్‌లోనూ గోవాలోనూ సూర్యుడు సముద్రంలోకి దిగుతాడు, అటు నడిపేటప్పుడు నీటి మీది మెరుపులో ముందున్న బండి, తేలే బోయా, ఈదే మనిషి తల ఏదీ కనబడకపోవచ్చు. పోలరాయిడ్ కళ్ళద్దాలు, అవి ఊడిపోకుండా మెడకు పట్టీ ఉంటే చాలా మేలు. సూర్యుణ్ణి చూడాలనుకుంటే గైడు ఆపిన చోట ఆగి చూడండి, నడుపుతూ చూడకండి. మన మైపాడులోనో కొత్తపట్నంలోనో ఇదే అనుభవం కావాలని అడిగేవారికి నా జవాబు: మనది తూర్పు తీరం, పొద్దు నేల మీదే గుంకుతుంది. నీటి మీద నుంచి ఒడ్డు వైపు చూస్తే తాటిచెట్ల వెనుక దిగుతుంది, పౌర్ణమినాడు ఇంచుమించు అదే వేళకు వెనుక సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. ఆ అందం వేరు. అయితే మన తీరంలో విరిగే కెరటాలు బలమైనవి, ఒడ్డు దాటగానే వలలూ తెప్పలూ ఉంటాయి. తెగిన వలముక్క ఒక్కటి జాలీలో ఇరుక్కున్నా బండి నిలిచిపోతుంది. కెరటాలు దాటడం తొలిసారి నేర్చుకునేవారి పని కాదు.

మిగిలినవాటికి పెద్దగా వివరణ అక్కర్లేదు. బోల్తా పడితే బండి మునిగిపోతుందన్నది వట్టి పుకారు, అది తేలుతుంది. ఏ వైపు నుంచి తిప్పి లేపాలో వెనుక భాగంలో బాణం గుర్తు ఉంటుంది, ఆ వైపునే తిప్పాలి. మిట్టమధ్యాహ్నం కంటే సాయంత్రం సముద్రం ఎప్పుడూ ప్రశాంతంగా ఉంటుందన్నది తప్పు. మధ్యాహ్నం నుంచి వీచిన గాలికి లేచిన అలలు గాలి తగ్గిన తరువాత కూడా కొంతసేపు నిలుస్తాయి. నడుమునొప్పి, మెడనొప్పి ఉన్నవారు, గర్భిణులు ఈ టూరుకు దూరంగా ఉండాలి, ఎందుకంటే అల దిగిన ప్రతిసారీ దెబ్బ వెన్నుకే తగులుతుంది. ఆరోగ్యంగా ఉన్నవారు కూడా అల ఎదురైనప్పుడు మోకాళ్ళు వంచి సీటు నుంచి కొద్దిగా లేవాలి. పిల్లలకు హ్యాండిల్ ఇవ్వవద్దు, నడిపేవారికి కనీసం 16 ఏళ్ళు ఉండాలని తయారీ సంస్థలే చెబుతున్నాయి. తండ్రి వెనుక కూర్చుని మీట పిల్లవాడి వేలికి అప్పగించినా అది పిల్లవాడు నడిపినట్టే, దానికి నేను ఎంతటివారికైనా ఒప్పుకోను.