పసుపు బిళ్ళ సంగతి: ఫార్మసీ చదవాలనుకునే పిల్లలకు ఒక ఉత్తరం

చిరంజీవులైన పిల్లలకు,

మీ పెద్దమ్మ ఆశీస్సులు. మొన్న నేను మీ కాలేజీకి వచ్చినప్పుడు బైపీసీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి ఒకతి లేచి, "చీటీ చూసి మందు తీసివ్వడానికి నాలుగేళ్ళ చదువెందుకండీ?" అని అడిగింది. క్లాసంతా ఘొల్లుమంది. ఈలోగా బెల్లు కొట్టారు. రెండు ముక్కలు ఏవో చెప్పి వచ్చేశాను. ఇంటికొచ్చి కూర్చున్నాక ఆ జవాబు నాకే నచ్చలేదు. అడగాల్సిన ప్రశ్నే అడిగింది ఆ పిల్ల. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముప్పై నాలుగేళ్ళు ప్రభుత్వాసుపత్రిలో మందుల కౌంటర్ దగ్గర పనిచేశాను. జనం నన్ను "మందులమ్మ" అనేవారు. అన్నేళ్ళలో ఎన్ని లక్షల చీటీలు చూశానో గానీ, ఒక్క రోజు మాత్రం నా కళ్ళముందు నుంచి పోదు.

ఓపీ అయిపోయింది, కిటికీ తలుపు వెయ్యబోతున్నాను. అరవై దాటిన ఒకావిడ వచ్చి, "నోరు పూసింది తల్లీ, మంచినీళ్ళు కూడా దిగట్లేదు, ఏదైనా బిళ్ళ ఇయ్యి" అంది. నోటిపూత అంటే బీకాంప్లెక్స్ ఇచ్చి పంపడం మాకు అలవాటు. నా చెయ్యి ఆ డబ్బా మీదికి వెళ్ళింది కూడా. ఆవిడ చెయ్యి చాపింది. వేళ్ళ కణుపులు వాచిపోయి, వేళ్ళు పక్కకి వంకర్లు తిరిగి ఉన్నాయి. "కీళ్ళకి మందులేమైనా వాడుతున్నారా అమ్మా?" అన్నాను. సంచిలోంచి క్యారీబ్యాగ్ తీసి కౌంటర్ మీద కుమ్మరించింది. రెండు రకాల స్ట్రిప్పులు, రెంటిలోనూ చిన్న చిన్న పసుపు బిళ్ళలే. ఒకటి మెథోట్రెక్సేట్, వారానికి ఒక్కసారి వేసుకోవాల్సింది. రెండోది ఫోలిక్ యాసిడ్, మిగతా రోజుల్లో వేసుకోవాల్సింది. ఫోలిక్ యాసిడ్ స్ట్రిప్పులో ఒక్క గుంట ఖాళీ. మెథోట్రెక్సేట్‌లో ఏడు గుంటలు ఖాళీ.

కాళ్ళ కింద నేల కదిలినట్టయింది. వెంటనే వార్డుకి తీసుకెళ్ళాను. రక్తపరీక్ష చేస్తే తెల్లకణాలు బాగా పడిపోయి ఉన్నాయి. మెథోట్రెక్సేట్‌కి విరుగుడుగా ఫోలినిక్ యాసిడ్ ఇంజక్షన్లు ఇచ్చారు. పన్నెండు రోజులకి ఇంటికెళ్ళింది.

డాక్టరుగారు రాసిన చీటీ సరిగ్గానే ఉంది. షాపులో మందులిచ్చిన కుర్రాడు ఒక స్ట్రిప్పు మీద రాయాల్సింది ఇంకో స్ట్రిప్పు మీద రాశాడు. ఆ కుర్రాడు ఫార్మసీ చదివినవాడు కాదు, నెల జీతానికి కుదిరినవాడు. ఫార్మసిస్టు సర్టిఫికెట్ మాత్రం ఆ షాపు గోడకి ఫ్రేము కట్టి వేలాడుతోందట. దాన్ని అద్దెకిచ్చినాయన వేరే ఊళ్ళో ఇంకేదో ఉద్యోగం చేసుకుంటున్నాడట.

మీరు బైపీసీ పిల్లలు కాబట్టి లోపల జరిగేది చెబుతాను. కణం రెండుగా చీలాలంటే దానికి ఫోలేట్ అనే విటమిన్ కావాలి, ఫోలిక్ యాసిడ్ బిళ్ళలో ఉండేది దాని రూపమే. మెథోట్రెక్సేట్ ఆ ఫోలేట్‌ను పనిచేయనివ్వదు. వారానికి ఒకసారి, కొద్ది మోతాదులో వేసుకుంటే కీళ్ళవాతాన్ని అదుపులో పెడుతుంది. రోజూ వేసుకుంటే, ఒంట్లో త్వరత్వరగా పెరిగే కణాలన్నింటికీ దెబ్బ తగులుతుంది. నోటి లోపలి పొర, ఎముకల్లోని మూలుగ అలాంటివే. అందుకే ముందు నోరు పూస్తుంది. బీకాంప్లెక్స్ ఇచ్చి పంపేసి ఉంటే ఆవిడ ఎనిమిదో బిళ్ళ కూడా వేసుకునేది.

ఆ రెండు బిళ్ళల వెనకా ఉన్నది ఒకే మనిషి, మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు. అమెరికాలోని బోస్టన్ వెళ్ళి, చదువుకోవడానికి డబ్బుల్లేక ఆసుపత్రిలో చిన్నాచితకా పనులు చేసిన మనిషి. తర్వాత అక్కడే లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన నడిపించిన బృందమే 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది, దానికి అడ్డుపడే మెథోట్రెక్సేట్‌నూ తయారుచేసింది. ఈ రోజు ఎందరో క్యాన్సర్ పిల్లలకూ కీళ్ళవాతం రోగులకూ ఆ మందే ఆధారం. అంత గొప్ప మందు కూడా స్ట్రిప్పు వెనక పెన్నుతో తప్పుగా గీసిన ఒక్క గీతతో విషమైపోయింది.

కాబట్టి తల్లీ, నాలుగేళ్ళ చదువు మందు తీసివ్వడం కోసం కాదు, ఇచ్చే ముందు అడగాల్సిన ప్రశ్న కోసం.

అయితే ఆ నాలుగేళ్ళూ ప్రశ్న అడగడం నేర్పుతున్నాయా? నా చదువైతే నాకు నేర్పలేదు. నేను డీఫార్మసీ, అంటే ఫార్మసీలో డిప్లొమా, చదివిన రోజుల్లో కల్వంలో నూరి ఆయింట్‌మెంట్లు చేయడం, కడుపుబ్బరానికి ఇచ్చే కార్మినేటివ్ మిక్చర్ కలపడం నేర్పారు. కిటికీ అవతల నిలబడ్డ మనిషితో ఏం మాట్లాడాలో చెప్పిన పీరియడ్ ఒక్కటీ లేదు. మెథోట్రెక్సేట్ వారం మందని నాకు తెలిసింది మా ఆసుపత్రిలో పనిచేసిన ఒక పెద్ద డాక్టరుగారి వల్ల. నెలకోసారి మా ఫార్మసిస్టులందర్నీ కూర్చోబెట్టి గంటసేపు పాఠం చెప్పేవారు. ఆయన బదిలీ అయ్యాక ఆ పాఠమూ ఆగిపోయింది.

మన దేశంలో ఈ చదువు అలా పెరగడానికి కారణం ఉంది. 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో మహాదేవ లాల్ ష్రాఫ్‌గారు ఫార్మసీ చదువుకి పునాది వేశారు. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1951లో మొదలైంది. అప్పట్లో మందులకి మనం పైదేశాల మీద ఆధారపడ్డాం, ముందు వాటిని తయారుచేసే మనుషులు కావాలి. కాబట్టి చదువంతా రసాయనాల చుట్టూ, ఫ్యాక్టరీల చుట్టూ తిరిగింది. దాని ఫలం మీ కళ్ళముందే ఉంది: హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ పక్కన పరవాడలో తయారయ్యే మందులు దేశదేశాలకి వెళ్తున్నాయి. ఆ చదువుని నేను చిన్నబుచ్చను. కానీ తయారైన మందు రోగి నోట్లోకి వెళ్ళే ఆఖరి రెండు గజాల దూరాన్ని చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 1948 నాటి ఫార్మసీ చట్టం, చీటీ మందులు రిజిస్టర్డ్ ఫార్మసిస్టే ఇవ్వాలని ఎప్పుడో చెప్పింది. 2008లో ఫార్మ్‌డీ, అంటే డాక్టర్ ఆఫ్ ఫార్మసీ, వచ్చింది. ఆరేళ్ళ కోర్సు, ఆఖరి ఏడాదంతా ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. 2015 నాటి ఫార్మసీ ప్రాక్టీసు నిబంధనలు రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు బాధ్యత అన్నాయి. కాగితం మీద అన్నీ ఉన్నాయి. ఆరేళ్ళు చదివిన పిల్లలకి ఆసుపత్రుల్లో తగిన పోస్టులు మాత్రం అంత వేగంగా రాలేదు. ఇది నాకు నిజంగా బాధ.

ఈ బాధ మన ఒక్కరిదే కాదు. 1912లో ది హేగ్ నగరంలో పుట్టిన అంతర్జాతీయ ఫార్మసీ సమాఖ్య 2016లో చైనాలోని నాంజింగ్‌లో పెద్ద సభ పెట్టి, ఫార్మసీ చదువుకీ ఫార్మసిస్టులకీ 13 లక్ష్యాలు పెట్టుకుంది. 2020లో వాటిని విస్తరించి 21 చేసింది. వాటి సారం మన మాటల్లో చెప్పాలంటే ఇది: ఎంతమంది కావాలో లెక్క ఉండాలి, కాలేజీల నాణ్యత చూడాలి, పట్టా వచ్చాక కూడా చదువు ఆగకూడదు, కొత్తగా చేరిన పిల్లల్ని గాలికొదిలేయకూడదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మందుల వాడకంలో జరిగే పొరపాట్ల వల్ల ఏటా 4,200 కోట్ల డాలర్ల నష్టం జరుగుతోందని అంచనా వేసింది. మా కౌంటర్ దగ్గరి ఆవిడ పన్నెండు రోజుల మంచం కూడా అలాంటి లెక్కలోదే.

నన్ను బాగా ఆకట్టుకున్నది టాంజానియా సంగతి. అక్కడ పల్లెల్లో ఫార్మసిస్టులు దొరకరు, ఉన్న కొద్దిమందీ పట్నాల్లోనే ఉంటారు. పల్లెల్లో చిన్న మందుల కొట్లు ఉండేవి, చీటీ లేకుండా అమ్మదగ్గ మామూలు మందులకే వాటికి అనుమతి. కానీ జనానికి వేరే దారి లేక, అమ్మకూడనివీ అక్కడే అమ్ముడుపోయేవి. వాటిని మూయించేస్తే పల్లె మొత్తానికి మందే ఉండదు. 2003లో రువుమా అనే ప్రాంతంలో ఇంకో దారి తొక్కారు. కొట్టు నడిపేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, కొన్ని ముఖ్యమైన చీటీ మందులు కూడా ఇవ్వడానికి అనుమతిచ్చి, మీద తనిఖీ పెట్టారు. ఆ కొట్లని స్వాహిలీలో "దుకా లా దావా ముహిము" అంటారు. దుకా అంటే మన దుకాణమే, దావా అంటే మన దవాఖానాలోని దవాయే! అవసరమైన మందుల దుకాణం అని అర్థం. రువుమాలో కుదిరాక మిగతా ప్రాంతాలకీ పాకింది. పట్టా ఉన్నవాళ్ళు వచ్చేదాకా ఉన్నవాళ్ళకి నేర్పడం నాకు నచ్చింది. మన షాపుల్లో అమ్మే కుర్రాళ్ళకి కూడా ఇలా నేర్పితే బాగుండునని నా కోరిక. ఫార్మసిస్టు అక్కడే ఉండి పైన చూసుకోవాలి, అది వేరే సంగతి.

ఇంగ్లండులో ఇంకోలా ఉంది. 2024 జనవరి 31 నుంచి అక్కడి మందుల షాపులో ఫార్మసిస్టే గొంతునొప్పి, చెవినొప్పి వంటి ఏడు జబ్బులకి రోగిని చూసి, అవసరమైతే యాంటీబయాటిక్ కూడా ఇవ్వొచ్చు, డాక్టరు దగ్గరికి వెళ్ళనక్కర్లేదు. అక్కడ చదువుని కూడా అలాంటి బాధ్యతకి తగ్గట్టు మార్చుకుంటున్నారు. మనం చదువు మార్చకుండా అధికారం ఒక్కటే అడిగితే నేను ఒప్పుకోను.

అలాగని వాళ్ళ పాఠాన్ని తెచ్చి ఇక్కడ ఒప్పజెప్పినా కుదరదు. శనివారం ఒక్కపొద్దు ఉండే ఆవిడకీ, రంజాన్‌లో రోజా ఉండే పెద్దాయనకీ షుగరు బిళ్ళ చీటీ మీద 1-0-1 అని, అంటే పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని, రాసి ఉంటే ఏం చెయ్యాలి? తినకుండా బిళ్ళ వేసుకుంటే షుగరు పడిపోయి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. "ఉపవాసాలేమైనా ఉంటారా?" అని అడగడం మన ఫార్మసిస్టు నేర్చుకోవాల్సిన పాఠం. ఉంటామంటే, వాళ్ళని డాక్టరుతో మాట్లాడించాలి. ఈ పాఠం రోగుల మధ్య నిలబడితేనే వస్తుంది.

ఇక మీ చదువు సంగతి. నీట్‌లో మెడిసిన్ సీటు రాలేదని ఏడుస్తూ, ఈఏపీసెట్ రాసి ఫార్మసీలో చేరకండి. కాలేజీ చూడబోయినప్పుడు బిల్డింగు చూడకండి, "మీ పిల్లలు ఏ ఆసుపత్రికి వెళ్తారు, వారానికి ఎన్ని గంటలు?" అని అడగండి. తడుముకుంటే ఇంకో కాలేజీ చూసుకోండి. మందుల తయారీ మీద ఇష్టముంటే బీఫార్మసీ మంచిది, రోగుల దగ్గర ఉండాలనుంటే ఫార్మ్‌డీ చూడండి. అమెరికాలో ఫార్మసిస్టు అవ్వాలనుకుంటే ఒక మాట ముందే తెలుసుకోండి: 2003 జనవరి 1 నుంచి పట్టా పుచ్చుకున్న విదేశీ విద్యార్థులకి కనీసం అయిదేళ్ళ ఫార్మసీ చదువు ఉండాలంటారు అక్కడ, కాబట్టి నాలుగేళ్ళ బీఫార్మసీ సరిపోదు. ఇది తెలియక వెళ్ళి, చదివిన చదువు పక్కనపెట్టి వేరే ఉద్యోగాల్లో కుదురుకున్న పిల్లలు మా బంధువుల్లోనే ఉన్నారు.

ఒకటి మాత్రం చేతులు పట్టుకుని అడుగుతున్నాను. పట్టా వచ్చాక ఎవరైనా వచ్చి నెలకింత ఇస్తాం, సర్టిఫికెట్ ఇస్తే చాలు, నువ్వు రానక్కర్లేదు అంటారు. ఇవ్వకండి. మీరు లేని ఆ కౌంటర్ ముందు వంకర్లు తిరిగిన వేళ్ళతో ఒక అమ్మ నిలబడి ఉంటుంది.

ఆవిడ ఆ తర్వాత రెండేళ్ళు మా దగ్గరికే వచ్చి మందులు తీసుకెళ్ళింది. చదువు రాదు కాబట్టి, వారం మందున్న స్ట్రిప్పుకి ఎర్ర దారం కట్టి, "ఎర్రదారం బిళ్ళ ఎప్పుడమ్మా?" అని అడిగేదాన్ని. "ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, ఒక్కటే" అనేది.

సెప్టెంబర్ 25 ప్రపంచ ఫార్మసిస్టుల దినం, ఇందాక చెప్పిన అంతర్జాతీయ సమాఖ్య పుట్టిన రోజు. ఆ వారం మళ్ళీ మీ కాలేజీకి వస్తాను, ప్రిన్సిపాల్‌గారితో మాట్లాడాను. మీ ఇంట్లో మందుల డబ్బా ఉంటుంది కదా, అమ్మమ్మదో తాతయ్యదో, వాళ్ళనడిగి దాన్ని పట్టుకురండి. ఏ స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత (చీటీ ఉంటేనే ఇవ్వాల్సిన మందుకి గుర్తు) ఉందో, ఏది ఎన్ని గుంటలు ఖాళీ అయిందో లెక్కపెట్టి రాసుకురండి. ప్రశ్న అడిగిన ఆ అమ్మాయి ముందు బెంచీలో కూర్చోవాలి.

ఇట్లు,
మీ మందుల పెద్దమ్మ