మానని పుండు, అరికాలి మచ్చ

చర్మ క్యాన్సర్ గురించి ఫోన్లో వచ్చే సలహాలన్నీ ఎండ చుట్టూనే తిరుగుతాయి. సన్‌స్క్రీన్ రాసుకోండి, టోపీ పెట్టుకోండి అంటారు. ఆస్ట్రేలియాలో అది సరైన సలహానే. అక్కడ 70 ఏళ్లు వచ్చేలోపు ముగ్గురిలో ఇద్దరికి ఏదో ఒక చర్మ క్యాన్సర్ బయటపడుతుంది. రామగుండం ఎండలో పనిచేసేవాళ్లకు మాత్రం ఆ లెక్క సరిపోదు. వేడి వేరు, అతినీలలోహిత కిరణాలు వేరు. ఆ కిరణాల్ని మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ చాలావరకు ఆపేస్తుంది. అందుకే ఈ జబ్బు మన దగ్గర తక్కువ. వచ్చినప్పుడు మాత్రం తరచుగా ఎండకు సంబంధం లేని చోట వస్తుంది, అక్కడ ఎవరూ వెతకరు.

ముందు చూడాల్సింది పాత కాలిన మచ్చల్ని. చిన్నప్పుడు పొయ్యి దగ్గర కాలి, మోకాలి వెనక చర్మం బిగుసుకుపోయిందనుకోండి. నడిచినప్పుడల్లా అక్కడ పగులుతుంది, మళ్లీ మానుతుంది. మానడమంటే కణాలు కొత్తగా పుట్టడమే. ఏళ్ల తరబడి అలా పుడుతూ ఉంటే ఎక్కడో తప్పు దొర్లుతుంది. పైగా గట్టిపడ్డ మచ్చలోకి రక్తం సరిగా అందదు, రోగనిరోధక కణాలూ అంతంతమాత్రంగానే చేరతాయి. కాలిన దానికీ క్యాన్సర్‌కీ మధ్య 30 ఏళ్లు గడవడం మామూలే. 1828లో ఫ్రెంచ్ సర్జన్ మార్జొలిన్ ఇలాంటి పుండ్లను వర్ణించాడు. అవి క్యాన్సర్ అని తేల్చింది తర్వాతివాళ్లు. కుష్ఠు వల్ల స్పర్శ పోయిన పాదాల పుండ్లదీ ఇదే దారి. అంచులు గట్టిపడి పైకి లేచినా, కాలీఫ్లవర్‌లా కండ పెరిగినా, తాకితే రక్తం వచ్చినా, దుర్వాసన మొదలైనా అది మామూలు పుండు కాదు. నొప్పి లేదు కదా అని ఊరుకోవద్దు.

నడుమునూ చూసుకోవాలి. లంగా నాడా ఏళ్ల తరబడి ఒకేచోట బిగిస్తే చర్మం ఒరుసుకుపోయి, నల్లబడి, పొట్టు రాలుతుంది. కొద్దిమందిలో అది పుండై క్యాన్సర్‌గా మారుతుంది. మహారాష్ట్ర, బీహార్ డాక్టర్లు 2024లో ఇలాంటి రెండు కేసుల్ని ప్రచురించారు. పత్తి ఏరేటప్పుడు ఒడి కట్టుకుంటే ఆ బరువంతా నడుము మీదే పడుతుంది. నాడా బదులు వెడల్పు పట్టీ కుట్టించుకోవడం, కట్టే చోటు రోజూ కాస్త మార్చడం పెద్ద ఖర్చేమీ కాదు.

అన్నిటికన్నా మోసం చేసేది అరికాలు. మెలనిన్ తయారుచేసే కణాల్లో పుట్టే క్యాన్సర్‌ని మెలనోమా అంటారు. అరికాల్లో వచ్చే మెలనోమాకు ఎండతో పనిలేదు. పత్తి మోళ్లలో నడిచే కాలికి నల్ల మచ్చ కనిపిస్తే, ముల్లు విరిగి ఉంటుందనుకుని సూదితో కెలుకుతారు. గడ్డకట్టిన రక్తమైతే కొన్ని వారాల్లో పైకి వచ్చి పోతుంది. పోకుండా వంకర అంచులతో పాకుతుంటే వెంటనే చూపించాలి. గోళ్లలో గోధుమరంగు చారలు మనలో చాలామందికి ఉంటాయి, దానికి టెన్షన్ అక్కర్లేదు. ఒకే గోరులో చార వెడల్పవుతూ, ఆ నలుపు చుట్టూ ఉన్న చర్మానికీ అంటితే అది వేరే సంగతి. గాయకుడు బాబ్ మార్లేకు 1977లో కాలి గోరు కింద బయటపడింది ఇదే. 1981లో 36 ఏళ్లకే పోయాడు.

ఎండ నిజంగానే ప్రమాదమయ్యేవాళ్లూ ఉన్నారు. పుట్టుకతో మెలనిన్ లేనివాళ్లు కొందరు. మేనరికపు కుటుంబాల్లో ఎక్కువగా కనిపించే జీరోడెర్మా పిగ్మెంటోసమ్ అనే పుట్టుకతో వచ్చే జబ్బు ఉన్న పిల్లలు ఇంకొందరు. ఎండ చేసిన నష్టాన్ని ఈ పిల్లల కణాలు సరిచేసుకోలేవు. రెండేళ్లు నిండకముందే ముఖం నిండా చిన్న మచ్చలు వస్తే ఆ బిడ్డను ఎండకు తిప్పకుండా స్కిన్ డాక్టర్‌కి చూపించాలి.

ఊళ్లో మాత్రం ముందు ఆర్‌ఎంపీ, తర్వాత ఆయింట్‌మెంట్, ఆ తర్వాత పసరు. ఇలాగే ఏడాది గడిచిపోతుంది. ఆరు వారాలైనా మానని పుండుకు ముక్క పరీక్ష (బయాప్సీ) అడగండి. వరంగల్ ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో చేస్తారు. కత్తి పెడితే క్యాన్సర్ పాకుతుందన్నది వట్టి మాట. ముక్కను పుండు మధ్యలోంచి కాకుండా అంచు నుంచి తీయాలి, మధ్యలో చచ్చిన కండే ఎక్కువ. రిపోర్టులో ఏమీ లేదని వచ్చినా పుండు మానకపోతే, ఇంకోచోట ముక్క తీయించాలి.