అన్నలు పక్కన ఉంటే ఏమొస్తుంది?

హనుమకొండ,
బుధవారం రాత్రి

చిన్నలూ,

మొన్న ఆదివారం బాస్కెట్‌బాల్ ఆట అయిపోగానే నాతో మాట్లాడకుండానే సైకిళ్లెక్కి వెళ్లిపోయారు. ఎందుకో నాకు తెలుసు. ఐదుగురిలో ఇద్దరు సీనియర్లను ఆటలోకి దింపాను, మీలో ఇద్దరు చివరిదాకా బెంచ్ మీదే ఉండిపోయారు. గేటు దగ్గర మీలో ఒకడు అన్న మాట నా చెవిన పడింది. "అన్నలే ఆడితే మేమెప్పుడు నేర్సుకోవాలె?" అడగవలసిన మాటే అడిగాడు. అప్పటికే చీకటి పడింది, అంత పెద్ద సంగతి గేటు దగ్గర నిలబడి చెప్పలేక ఊరుకున్నాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు లెక్క చూడండి. మనం ఆడే ఆట 40 నిమిషాలు, కోర్టులో మన వైపు ఐదుగురు. పంచుకోవడానికి ఉన్నవి మొత్తం 200 నిమిషాలు. అమెరికాలోని పెద్ద బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఆట 48 నిమిషాలు కాబట్టి అక్కడ 240. జట్టులో 15 మంది ఉన్నా ఆ 240 పెరగవు. 36 ఏళ్ల ఆటగాడికి 30 నిమిషాలు ఇచ్చారంటే, అవి ఎవరో ఒక 19 ఏళ్ల కుర్రాడి చేతిలోంచి తీసి ఇచ్చినవే. మీ కోపం అక్కడినుంచే పుట్టింది. న్యాయమైన కోపమే అది.

అలాగని బరువంతా కుర్రాళ్ల నెత్తినే పెడితే ఏమవుతుందో డెట్రాయిట్ పిస్టన్స్ జట్టును చూడండి. 2023-24లో అందులో ఎక్కువ మంది చిన్నవాళ్లే. జట్లు కొత్త ఆటగాళ్లను వరుసగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2021లో అందరికన్నా ముందు ఎంపికైన కేడ్ కన్నింగ్‌హామ్ ఉన్నాడు, ప్రతిభకు లోటు లేదు. వరుసగా 28 ఆటలు ఓడిపోయారు. 82 ఆటల్లో గెలిచినవి 14. తరువాతి ఏడాది కొత్త కోచ్ వచ్చాడు, టోబయాస్ హారిస్, టిమ్ హార్డవే జూనియర్ లాంటి ఏళ్ల తరబడి లీగ్‌లో ఆడినవాళ్లు వచ్చి ఆ పిల్లల పక్కన నిలబడ్డారు. అదే కేడ్ ముందుండి నడిపించగా ఆ ఏడాది 44 ఆటలు గెలిచారు. హ్యూస్టన్ రాకెట్స్‌దీ అదే కథ. 22 గెలుపులతో అడుగున పడి ఉన్న కుర్ర జట్టులోకి 2023లో ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌ను తెచ్చుకున్నారు, అతను అప్పటికే టొరంటోతో టైటిల్ గెలిచినవాడు. ఆ ఏడాది 41, ఆ పై ఏడాది 52 గెలిచారు. అంతా పెద్దవాళ్ల చలవే అని నేననను. కోచ్‌లు మారారు, పిల్లలూ ఏడాదికేడాది ముదిరారు. కానీ రోజూ ఓడిపోయే చోట పిల్లవాడికి ఒక చెడ్డ అలవాటు పడుతుంది. జట్టు ఎలాగూ ఓడిపోతుంది, నా పాయింట్లు నేను చూసుకుంటే చాలు అనుకుంటాడు. ఆ అలవాటు ఒకసారి పడితే వదిలించడం చాలా కష్టం.

ఇంతకీ పెద్దవాడు ఏం నేర్పుతాడు? దీనికి నేను ఆట కన్నా ముందు రైలు ఇంజన్‌లో నేర్చుకున్నది చెప్పాలి.

కాజీపేటలో డీజిల్ అసిస్టెంట్‌గా చేరిన కొత్తలో నాకు బల్లార్షా లైను ఇచ్చారు. కొత్త సెక్షన్‌లో బండి నడపాలంటే ముందు ఆ దారి నేర్చుకోవాలి. పాత డ్రైవర్‌తో పగలూ రాత్రీ కొన్ని ట్రిప్పులు తిరిగి, సిగ్నల్ ఎక్కడుంది, మలుపు ఎక్కడుంది, బండి ఎక్కడ బరువెక్కుతుంది అన్నీ కడుపులోకి దిగాక, దారి తెలిసిందని సంతకం పెట్టాలి. ఆ సంతకం లేనిదే ఎంత తెలివైనవాడి చేతికైనా బండి ఇవ్వరు. ఇంకో నియమం ఉంది. సిగ్నల్ కనబడగానే అసిస్టెంట్ చెయ్యి చూపించి గట్టిగా చెప్పాలి, డ్రైవర్ దాన్ని తిరిగి చెప్పాలి. ఇద్దరికీ కళ్లున్నాయి, ఇద్దరికీ కనబడుతూనే ఉంది. అయినా నోటితో చెప్పాలి.

ఒక చలికాలం రాత్రి పెద్దపల్లి దాటాక పచ్చ సిగ్నల్ కనబడింది. పాత డ్రైవర్ కూడా చూస్తున్నాడు కదా అని నేను ఊరుకున్నాను. ఆయన కన్ను దారి మీదనుంచి తిప్పలేదు, గొంతు పెంచలేదు. "చూసినవు గదా, చెప్పవేంది? నీ కంట్లున్నది నాకెట్ల తెలుస్తది?" అన్నాడు. రామగుండం దాటి గోదావరి బ్రిడ్జి ఎక్కేదాకా మళ్లీ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ తరువాత రిటైరయ్యే దాకా నేను ఒక్క సిగ్నల్ కూడా మనసులో చదువుకోలేదు.

ఇప్పుడు ఆదివారం మూడో క్వార్టర్ గుర్తు తెచ్చుకోండి. మీలో పొట్టిగా ఉన్నవాడు బంతి ఉన్న ఆటగాడికి ఎదురుగా, వాడి నడుం మీదే చూపు పెట్టి, మోకాళ్లు వంచి కాస్తున్నాడు. చాలా బాగా కాస్తున్నాడు. వాడి ఎడమ భుజం వెనకనుంచి అవతలి జట్టు పొడుగాటి వాడు స్క్రీన్ పెట్టడానికి, అంటే మనవాడి దారికి అడ్డంగా నిలబడడానికి, వస్తున్నాడు. మనవాడి వీపుకు కళ్లు లేవు. బాస్కెట్ కింద నిలబడ్డ సీనియర్ అరిచాడు. "ఎడమ! ఎడమ! స్క్రీన్ వస్తున్నది! మీదికెళ్లు, వెనక నేనున్న!" మనవాడు తిరిగి చూడకుండానే ఒక అడుగు ముందుకేసి, స్క్రీన్‌కీ బంతికీ మధ్యలోంచి దూరిపోయాడు. దారి మూసుకుపోయేసరికి అవతలివాడు బంతి వెనక్కి ఇచ్చేశాడు. అంతే జరిగింది. చప్పట్లు లేవు, స్కోరు పుస్తకంలో ఒక్క గీత పడలేదు, సీనియర్ అయితే బంతిని ముట్టుకోనే లేదు.

డిఫెన్స్ అంటే సగం కాళ్లు, సగం నోరు. బంతిని కాసేవాడికి బంతే కనబడుతుంది, వెనక ఉన్నవాడికి పదిమందీ కనబడతారు. స్క్రీన్ వచ్చి తగలడానికి ఒక్క క్షణం చాలు, ఆ క్షణానికి ముందే మాట రావాలి. వచ్చాక అరిస్తే అది ఏడుపుతో సమానం. 17 ఏళ్ల కాళ్లు మీ దగ్గరున్నాయి. ఏ పాస్ తరువాత ఏం జరగబోతోందో కొన్ని వందల ఆటల్లో చూసిన కళ్లు అతని దగ్గరున్నాయి. అవి రెండూ కలిసినప్పుడు ఎలా ఉంటుందో మీరే చూశారు, కాకపోతే గమనించలేదు. ఇంకోటి కూడా గమనించలేదు. అవతలి జట్టు తన గట్టి డిఫెండర్‌ను రెండో సీనియర్ మీద పెట్టింది. మీకు మూడు లేఅప్‌లు, అంటే బాస్కెట్ దగ్గరికెళ్లి వేసే షాట్లు, ఖాళీగా దొరికింది అందుకే.

కోబీ బ్రయంట్ పేరు మీ అందరికీ తెలుసు. 1996లో హైస్కూల్ నుంచి నేరుగా వచ్చాడు, 13వ ఎంపిక. మొదటి సీజన్‌లో అతనికి సగటున దొరికింది ఆటకు 15 నిమిషాలు. ఆ ఏడాది అతను చేరిన లేకర్స్ జట్టులో బైరన్ స్కాట్ ఉన్నాడు, 80లలో ఆ జట్టుతో మూడు టైటిళ్లు గెలిచినవాడు, లీగ్‌లో అతనికి అదే ఆఖరి ఏడాది. పద్దెనిమిదేళ్ల పిల్లవాణ్ని దగ్గరకు తీసి ఆట, ఆట బయటి బతుకు రెండూ చెప్పాడు. సీజన్ చివర టైటిల్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో, 1997లో యూటా జట్టు మీద కోబీ వేసిన నాలుగు షాట్లు రింగును కూడా తాకలేదు, జట్టు ఇంటికి పోయింది. అంత టెన్షన్‌లో బంతి అడిగి తీసుకునే ధైర్యం ఉన్న పిల్లవాడికి, ఆ రాత్రి తరువాత పక్కన ఒక పెద్దమనిషి ఉండటం ఎంత అవసరమో నాకు బాగా అర్థమవుతుంది. విశేషం ఏమిటంటే కోబీ ఆఖరి రెండు సీజన్లకు కోచ్ ఆ స్కాటే.

అదే కోబీ పెద్దవాడయ్యాక ఏం జరిగిందో కూడా చెప్పకపోతే మీకు సగమే చెప్పినట్టు. 2015-16 అతని వీడ్కోలు సీజన్. జట్టులో కుర్రాళ్లున్నారు, డ్రాఫ్ట్‌లో రెండో ఎంపికగా వచ్చిన డీ ఆంజెలో రసెల్ ఉన్నాడు. ఆఖరి ఆటలో కోబీ 50 షాట్లు వేసి 60 పాయింట్లు చేశాడు. నేను ఆ ఆటను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు, చూసిన ప్రతిసారీ కళ్లు తడుస్తాయి. కానీ ఆ ఏడాది లేకర్స్ 17 గెలిచి 65 ఓడారు. ఆ ఏడాది పిల్లలది కావలసింది. నా అభిమానం నాదే, లెక్క లెక్కే.

పెద్దరికం ఎలా చేయాలో నాకు తెలిసినంతలో శాన్ ఆంటోనియో స్పర్స్ చూపించినట్టు ఇంకెవరూ చూపించలేదు. 1997లో టిమ్ డంకన్ వచ్చేనాటికి అక్కడ డేవిడ్ రాబిన్సన్ పెద్ద స్టార్. కొత్తవాడికి చోటిచ్చి తను పక్కకు జరిగాడు. 1999లో ఇద్దరూ కలిసి గెలిచారు, 2003లో ఇంకోసారి గెలిచి రాబిన్సన్ వెళ్లిపోయాడు. డంకన్ ఆ పాఠం మర్చిపోలేదు. 2013-14లో ఆ జట్టులో ఏ ఒక్క ఆటగాడికీ సగటున 30 నిమిషాలు పడలేదు. ఆ సీజన్ ముగిసేనాటికి డంకన్‌కు 38 ఏళ్లు, అతని తోటి సీనియర్ జినోబిలీకి 36, జినోబిలీ బెంచ్ మీదనుంచి లేచి వచ్చి ఆడేవాడు. ఆ 240 నిమిషాలను పండగనాడు సత్తుముద్దలు పంచినట్టు అందరికీ పంచారు. టైటిల్ గెలిచారు. ఫైనల్స్‌లో మేటి ఆటగాడు అన్న పేరు 22 ఏళ్ల కవై లియొనార్డ్‌కు వచ్చింది.

ప్రతి చోటా ఇలా కుదరదు. గోల్డెన్ స్టేట్ వారియర్స్ ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టింది. ఒకవైపు టైటిళ్లు గెలిచిన స్టెఫ్ కరీ బృందం, ఇంకోవైపు 2020లో రెండో ఎంపికగా తెచ్చుకున్న జేమ్స్ వైజ్‌మన్ లాంటి కుర్రాళ్లు. 2022లో టైటిల్ వచ్చింది, నిజమే. కానీ వైజ్‌మన్‌కు గాయాలు, పైగా గెలవాల్సిన ఆటల్లో తప్పులు చేయనిచ్చే ఓపిక ఎవరికీ లేదు. 2023 ఫిబ్రవరిలో పంపేశారు. టైటిల్ గెలిచిన కొద్ది నెలలకే ప్రాక్టీసులో డ్రేమండ్ గ్రీన్ తన కన్నా చిన్నవాడైన జోర్డన్ పూల్‌ను కొట్టాడు, మరుసటి వేసవికి పూల్ కూడా వేరే జట్టుకు వెళ్లిపోయాడు. పెద్దవాడు పక్కన ఉన్నంత మాత్రాన పిల్లవాడు ఎదగడు. ఆ పెద్దవాడు ఎలాంటివాడన్నది చూడాలి.

నేను ఎలాంటివాణ్నో మీకు చెప్పాలి. ఇన్నేళ్లలో ఇది ఎవరికీ చెప్పలేదు.

నాకు 38 ఏళ్లప్పుడు మా కాలనీ జట్టులో బంతి తెచ్చి ఆట నడిపించే పాయింట్ గార్డ్ ఇంకా నేనే. జమ్మికుంట నుంచి ఒక అబ్బాయి సాయంత్రం ప్యాసింజర్‌లో వచ్చేవాడు. బూట్లు పాడవుతాయని లేసులు ముడేసి మెడలో వేసుకుని, చెప్పులతో నడిచి వచ్చి, కోర్టు గీత దగ్గర కూర్చుని తొడుక్కునేవాడు. నాకన్నా వేగం, నాకన్నా మంచి చెయ్యి. నాకు కనబడుతూనే ఉంది, సిగ్నల్ కనబడ్డట్టు. ఎవరికీ చెప్పలేదు. కోచ్ "వాణ్ని దింపుదామా?" అన్న ప్రతిసారీ "ఇంకా పచ్చిగున్నడు, ఈ మ్యాచ్ అయిపోనీ" అన్నాను. నాలుగు నెలలు అలాగే అన్నాను. ఒక సాయంత్రం ప్యాసింజర్ వచ్చింది గానీ వాడు రాలేదు. ఏడాది తరువాత కాజీపేట ప్లాట్‌ఫారం మీద కనబడితే ఆట సంగతి అడిగాను. "ఇడిసిపెట్టిన సార్" అని నవ్వాడు. వాడికి నా మీద కోపం కూడా లేదు. నన్ను ఇప్పటికీ కోసేది ఆ నవ్వే. వాడి ఆటకు నేను ఒక్క మాట నేర్పలేదు, ఒక్క నిమిషం ఇవ్వలేదు.

మన దేశంలో ఈ ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. అమెరికాలో లాగా నెలల తరబడి నడిచే పెద్ద లీగ్ మనకు లేదు. మంచి ఆటగాడికి దారి అంటే రైల్వేస్, ఓఎన్‌జీసీ, ఇండియన్ ఓవర్సీస్ బ్యాంక్, సైన్యం వాళ్ల సర్వీసెస్ జట్లే. ఆట మీద ఉద్యోగం వస్తుంది, కడుపు నిండుతుంది. ఆ జట్లలో చోట్లు కొన్నే, ఉన్నవాళ్లు తొందరగా కదలరు. పంజాబ్ నుంచి సత్నామ్ సింగ్ 2015లో డల్లాస్ మావెరిక్స్‌కు 52వ ఎంపికగా వెళ్లాడు, ఎన్‌బీఏ డ్రాఫ్ట్‌లో ఎంపికైన మొదటి భారతీయుడు. వాళ్ల అనుబంధ జట్టు టెక్సస్ లెజెండ్స్‌లో ఆడాడు గానీ, ఒక్క ఎన్‌బీఏ ఆట కూడా ఆడకుండానే తిరిగొచ్చాడు. అక్కడిదాకా వెళ్లినవాడికి కూడా నిమిషాలు దొరకడం అంత కష్టం.

అందుకని వచ్చే ఆదివారానికి ఇలా అనుకున్నాను. మొదటి క్వార్టర్‌లో ఇద్దరు సీనియర్లూ ఉంటారు. బెంచ్ మీద ఉన్నవాళ్లు బంతిని చూడకండి, ఒక్క సీనియర్‌ను ఎంచుకుని పది నిమిషాలూ అతని కాళ్లనూ నోటినీ చూడండి. అయిపోయాక ఏం చూశారో నాకు చెప్పాలి. రెండు, మూడు క్వార్టర్లలో ఒక్కరే ఉంటారు. నాలుగో క్వార్టర్ పూర్తిగా మీది. స్కోరు ఎంతున్నా, మనం ఓడిపోతున్నా, నేను సీనియర్లను లేపను. వాళ్లతో మాట్లాడాను, ఒప్పుకున్నారు. ఒకాయనకు కొంచెం కష్టంగానే ఉంది, ఆయనతో మీరు మర్యాదగా ఉండండి.

నాలుగో క్వార్టర్‌లో బాస్కెట్ కింద నిలబడి పిలిచేవాడు ఎవరో శనివారం లోపు మీలో మీరు తేల్చుకోండి. సిగ్గుపడేవాడు వద్దు. ఆరు గంటలకల్లా కోర్టు దగ్గర ఉండండి, బంతికి గాలి నేను కొట్టించి తెస్తాను.

మీ
తాత